ఉక్కు నగరంలో వెబ్ వృత్తి: కట్టడం కన్నా కాపాడటమే కష్టం

జంషెడ్‌పూర్ అనగానే ఎవరికైనా ముందుగా స్ఫురించేది ఉక్కు. 1907లో ఏర్పడిన టాటా ఉక్కు కంపెనీ 1912లో తొలి ఉక్కు దిమ్మెను పోతపోసింది. సాక్చి అనే పల్లె 1919లో జంషెట్‌జీ టాటా పేరిట జంషెడ్‌పూర్ అయింది. దేశంలో కంప్యూటర్ సేవల పరిశ్రమ వేసిన తొలి అడుగులతోనూ ఈ ఊరి కర్మాగారానికి సంబంధం ఉన్నదన్న విషయం మాత్రం చాలామందికి తెలియదు. 1968లో ప్రారంభమైన టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ మొదట్లో చేపట్టిన పనుల్లో ఉక్కు కంపెనీకి పంచ్ కార్డుల సేవలు అందించడం ఒకటి.

అర్ధ శతాబ్దం తిరిగేసరికి పంచ్ కార్డుల స్థానాన్ని వెబ్‌సైట్లు ఆక్రమించాయి. 1960లో ప్రాంతీయ సాంకేతిక విద్యాసంస్థగా వెలసి, 2002లో జాతీయ స్థాయి పొందిన ఇక్కడి ఎన్‌ఐటీ నుంచి పట్టా పుచ్చుకున్నవారిలో అనేకులు హైదరాబాదు, బెంగుళూరు వంటి నగరాల బాట పడుతున్నారు. ఊరిలోనే ఉండి వెబ్ డెవలపర్‌గా బతుకుతెరువు వెతుక్కునేవారికి దొరికేవి చిన్న పనులే. ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలోని విడిభాగాల తయారీదారుకు ఒక సైటు, కోచింగ్ కేంద్రానికి ఫీజుల పట్టిక, క్లినిక్‌కు అపాయింట్‌మెంట్ల పేజీ, దుకాణానికి బిల్లుల ప్రోగ్రాం వంటివి. ఈ పనుల ప్రతిఫలం స్వల్పమే కావచ్చు. వాటిలో చేరే పేర్లు, ఫోన్ నంబర్లు, చిరునామాలు మాత్రం స్వల్పమైనవి కావు.

పొరుగునే హెచ్చరిక

బీహార్ నుంచి విడిపోయి 2000 నవంబరు 15న జార్ఖండ్ రాష్ట్రం అవతరించింది. దుమ్కా నుంచి వేరుపడి 2001లో ఏర్పడిన జామ్‌తాడా జిల్లా ఇదే రాష్ట్రంలో ఉంది. బ్యాంకు అధికారులమంటూ ఫోన్లు చేసి ఖాతాలు ఖాళీచేసే ముఠాల కారణంగా ఆ జిల్లా పేరు దేశమంతటా మారుమోగింది. 2020లో దానిపై ఏకంగా ఒక వెబ్ సీరియల్ కూడా వచ్చింది. ఇటువంటి మోసాలు నేడు ఏ ఒక్క జిల్లాకో పరిమితం కాలేదు.

మోసగాడి మాట నమ్మదగినదిగా తోచడానికి అతని గొంతులోని చాతుర్యం ఒక్కటే చాలదు. అవతలి వ్యక్తి పేరు, అతని పిల్లవాడు చదివే సంస్థ, కట్టవలసిన ఫీజు మొత్తం అతనికి ముందే తెలిసి ఉంటే సగం పని పూర్తయినట్టే. అటువంటి వివరాలు పొక్కడానికి ఉన్న మార్గాల్లో అజాగ్రత్తగా కట్టిన వెబ్‌సైటు ఒకటి. ఉక్కు కర్మాగారంలో మూడు దశాబ్దాలు చెమటోడ్చి దాచుకున్న భవిష్యనిధి సొమ్ము ఒక్క ఫోన్ కాల్‌తో ఆవిరయ్యే ప్రమాదం ఉన్నప్పుడు, కోడ్ రాసేవారి పొరపాటును కేవలం సాంకేతిక లోపంగా కొట్టిపారేయడానికి వీల్లేదు.

కోడ్ రాసేవారికి

మొదటి సూత్రం అతి సరళమైనది. అవసరం లేని వివరాన్ని అడగరాదు. దంతవైద్యుని అపాయింట్‌మెంటుకు ఆధార్ నంబరుతో పని లేదు. మనవద్ద లేని సమాచారాన్ని ఎవరూ దొంగిలించలేరు. 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సారాంశం కూడా ఇదే. తగిన భద్రతా చర్యలు తీసుకోకపోతే రూ. 250 కోట్ల వరకు జరిమానా విధించడానికి ఆ చట్టం వీలు కల్పించింది.

రెండవది, వాడుకరి టైపుచేసిన మాటలను డేటాబేస్‌కు పంపే ఆదేశంలో నేరుగా అతికించరాదు. అలా అతికిస్తే, పేరు రాయవలసిన గడిలో ఆదేశాన్నే రాసి మొత్తం పట్టికను లాగేసుకోవచ్చు. 1998 నుంచీ నిపుణులకు తెలిసిన లోపమే ఇది. ఆదేశాన్ని వేరుగా, విలువలను వేరుగా పంపే పద్ధతి ప్రతి ప్రోగ్రామింగ్ భాషలోనూ సిద్ధంగా ఉంది.

మూడవది పాస్‌వర్డ్‌లకు సంబంధించినది. వాటిని ఉన్నవి ఉన్నట్టు దాచడం తాళంచెవిని గుమ్మానికే వేలాడదీయడంతో సమానం. బీక్రిప్ట్, ఆర్గాన్2 వంటి పద్ధతులతో వాటిని తిరిగి చదవడానికి వీలులేని రూపంలోకి మార్చి నిల్వచేయాలి. ఇక సైటుకు, వాడుకరికి మధ్య ప్రయాణించే సమాచారాన్ని గుప్తపరిచే ధ్రువపత్రానికి ఖర్చు సాకు చెల్లదు. 2015 చివరి నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ దానిని ఉచితంగానే అందిస్తున్నది. సమాచారపు నకలును వేరొకచోట దాచడం, ఆ నకలు నుంచి సైటును తిరిగి నిలబెట్టగలమో లేదో అప్పుడప్పుడు పరీక్షించడం నాలుగవ జాగ్రత్త.

తెలుగు అక్షరంతో తంటా

ఉత్తరాంధ్ర నుంచి ఉపాధికై తరలివచ్చిన తెలుగు కుటుంబాలు జంషెడ్‌పూర్‌లో తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. వారి కోసం సైటు తయారుచేసేవారు తెలుగు లిపి స్వభావాన్ని గుర్తెరగాలి. కంటికి ఒక్క అక్షరంగా కనిపించే ‘స్త్రీ’ యూనికోడ్‌లో ఆరు సంకేతాల సముదాయం. ‘వేంకటేశ్వరరావు’ అనే పేరుకు 14 సంకేతాలు కావాలి. యూటీఎఫ్-8 పద్ధతిలో నిల్వచేస్తే 42 బైట్లు పడుతుంది. ఇంగ్లీషు పేర్లను దృష్టిలో ఉంచుకొని గడికి 30 బైట్ల హద్దు విధిస్తే ఆ పెద్దమనిషి పేరు మధ్యలోనే తెగిపోతుంది. వరుసల మధ్య ఎడం తగ్గిస్తే కింది వత్తులు కత్తిరించుకుపోతాయి.

ఈ చిక్కులు చిన్న సంస్థలకే పరిమితమని భావించనక్కరలేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే అక్షరం, కంటికి కనిపించని మరొక సంకేతంతో కలిసి వచ్చినప్పుడు ఐఫోన్లలోని యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ సంస్థ అదే నెలలో 11.2.6 కూర్పును విడుదలచేసి దానిని సరిదిద్దవలసి వచ్చింది. ప్రతి పనినీ తెలుగు పేర్లతో, తెలుగు వాక్యాలతో పరీక్షించిన పిమ్మటే అప్పగించడం ఉత్తమం.

వాడేవారికి

వాడుకరులు గుర్తుంచుకోవలసినవి కొన్నే. యూపీఐలో పిన్ నొక్కవలసింది డబ్బు పంపడానికే తప్ప పుచ్చుకోవడానికి కాదు. డబ్బు జమ చేస్తామంటూ పిన్ నొక్కమన్నారంటే మోసమని తెలుసుకోవాలి. ఓటీపీ ఎవరికీ చెప్పరాదు. పెళ్లి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలానా అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లను తెరవరాదు. బ్యాంకు ఫోన్ నంబరును ఇంటర్నెట్‌లో వెతకడం కన్నా పాస్‌బుక్కు మీదో, కార్డు వెనుకనో చూసుకోవడం క్షేమం. చిరునామా పక్కన తాళం గుర్తు ఉన్నంతమాత్రాన ఆ సైటు నిజాయితీగలదని అర్థం కాదు. మధ్యలో ఎవరూ వినడం లేదని మాత్రమే దాని భావం. దొంగ సైటుకు కూడా ఆ తాళం దొరుకుతుంది.

వీడియో కాల్‌లో పోలీసు దుస్తులతో ప్రత్యక్షమై ‘డిజిటల్ అరెస్టు’ చేశామని బెదిరించడం మరో తరహా మోసం. అటువంటి అరెస్టు మన చట్టాల్లోనే లేదని ప్రధానమంత్రి 2024 అక్టోబరులో రేడియో ప్రసంగంలో స్పష్టంచేశారు. సొమ్ము పోయిందని తెలిసిన మరుక్షణమే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. డబ్బు చేతులు మారేలోగా ఫిర్యాదు అందితేనే ఆ ఖాతాను స్తంభింపజేయడం సాధ్యపడుతుంది. సిగ్గుతో ఇంట్లో దాచిపెట్టిన ప్రతి గంటా మోసగానికే లాభిస్తుంది.

కర్మాగారంలో శిరస్త్రాణం లేకుండా కొలిమి దరిదాపులకు ఎవరినీ పోనివ్వరు. ప్రమాదాలు నేర్పిన క్రమశిక్షణ అది. వెబ్ వృత్తికి ఆ క్రమశిక్షణ ఇంకా పూర్తిగా అలవడవలసి ఉంది. సైటు అందంగా ఉన్నదా అని అడిగే యజమాని, అందులోని వివరాలు భద్రమేనా అని కూడా అడగడం మొదలుపెడితే ఆ మార్పు త్వరపడుతుంది.