నొప్పి తగ్గినా ఎముక ఎందుకు తరుగుతుంది? రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో లోపల జరిగేదేంటి?

మన ఇళ్లలో కీళ్ల నొప్పులన్నిటినీ కలిపి గఠియా అనేస్తుంటారు. నొప్పి మాత్ర వేసుకుని అమ్మీనో, ఖాలానో మళ్లీ వంటింట్లోకి వెళ్తే జబ్బు తగ్గిందనే అనుకుంటాం. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో మాత్రం ఈ లెక్క తప్పుతుంది. నొప్పి తగ్గినా లోపల ఎముక తరుగుతూనే ఉండొచ్చు.

వయసు అరుగుదల వేరు

వయసు పెరిగాక మోకాళ్లు అరగడం ఆస్టియో ఆర్థరైటిస్. రుమటాయిడ్‌లో మన రోగ నిరోధక వ్యవస్థే పొరబడి మన కీళ్ల మీద దాడి చేస్తుంది. 30, 40 ఏళ్ల వాళ్లకూ వస్తుంది. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో రెండు, మూడు రెట్లు ఎక్కువ. సాధారణంగా చేతివేళ్లు, మణికట్లు, పాదాల్లోని చిన్న కీళ్లలో మొదలవుతుంది. పొద్దున లేవగానే వేళ్లు పట్టేసి, అరగంట, గంట దాకా పిడికిలి బిగించలేకపోవడం ముఖ్యమైన లక్షణం.

ఎముకను తినమని చెప్పేదెవరు?

ఎముక రాయిలా ఒకేలా ఉండిపోదు. పాత ఎముకను కరిగించే కణాలు ఆస్టియోక్లాస్ట్‌లు. కొత్తది కట్టేవి ఆస్టియోబ్లాస్ట్‌లు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఈ రెండు పనులూ సరిసమానంగా నడుస్తాయి.

రోగ నిరోధక కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి సైటోకైన్లు అనే చిన్న ప్రొటీన్లను వదులుతాయి. ఇన్ఫెక్షన్ వస్తే ఇవి పెరుగుతాయి, అది తగ్గాక తగ్గిపోతాయి. రుమటాయిడ్‌లో ఆ కబుర్లు ఆగవు. టీఎన్‌ఎఫ్, ఐఎల్-1, ఐఎల్-6, ఐఎల్-17 వీటిలో ముఖ్యమైనవి. ఇవి కీలు లోపలి పొరను వాచేలా చేస్తాయి. ఆ వాచిన పొరలోని కణాలు ర్యాంక్‌ఎల్ అనే ఇంకో ప్రొటీన్‌ను ఎక్కువగా తయారు చేస్తాయి.

ర్యాంక్‌ఎల్‌ను తాళంచెవి అనుకోండి. రక్తం నుంచి వచ్చే కొన్ని కణాల మీద దానికి సరిపోయే తాళం ఉంటుంది. చెవి తగలగానే అవి ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్ట్‌లుగా మారతాయి. ఈ చెవిని మధ్యలోనే పట్టేసుకోవడానికి శరీరం ఓపీజీ అనే ప్రొటీన్‌నూ తయారు చేస్తుంది. కానీ ఈ జబ్బులో చెవులు ఎక్కువ, పట్టుకునేవి తక్కువ. దానికి తోడు టీఎన్‌ఎఫ్ వల్ల డీకేకే-1 అనే ప్రొటీన్ పెరిగి, ఎముక కట్టే కణాలను అడ్డుకుంటుంది. అంటే ఖర్చు పెరిగింది, జమ తగ్గింది.

అందుకే ఎక్స్‌రేలో కీలు అంచున ఎముక కొరికినట్టు గుంటలు కనిపిస్తాయి. ఒకసారి పడ్డాక అవి పూడడం చాలా అరుదు. సైటోకైన్లు రక్తంలోనూ తిరుగుతాయి కాబట్టి వెన్ను, తుంటి ఎముకలు కూడా బలహీనపడతాయి. అప్పుడు చిన్నగా జారిపడినా ఎముక విరగొచ్చు.

నొప్పి ఖాతా వేరు, ఎముక ఖాతా వేరు

లండన్‌లోని కెనడీ ఇన్‌స్టిట్యూట్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, లుధియానాలో పుట్టిన రవీందర్ మైనీ కలిసి టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే చికిత్సను 1992లో తొలిసారి రుమటాయిడ్ రోగులపై పరీక్షించారు. ఆ తర్వాతి పరీక్షల్లో ఒక విషయం బయటపడింది. ఈ మందుతో వాపు, నొప్పి పెద్దగా తగ్గని కొందరిలో కూడా ఎముక నష్టం నెమ్మదించింది. ర్యాంక్‌ఎల్‌ను అడ్డుకునే డెనోసుమాబ్ అయితే ఎముక గుంటలను తగ్గించింది గానీ కీళ్ల వాపును తగ్గించలేదు. నొప్పిని బట్టి ఎముక పరిస్థితిని అంచనా వేయలేమని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంట్లో గుర్తుంచుకోవాల్సినవి

మెడికల్ షాపులో కొనే నొప్పి మాత్రలు ఎముక నష్టాన్ని ఆపలేవు. స్టెరాయిడ్లు త్వరగా ఉపశమనం ఇస్తాయి కానీ ఎక్కువ కాలం వాడితే అవే ఎముకను పలచన చేస్తాయి. వాటిని సొంతంగా మొదలుపెట్టకూడదు, అలవాటయ్యాక ఒక్కసారిగా ఆపకూడదు కూడా.

చాలామందికి మొదట ఇచ్చేది మెథోట్రెక్సేట్. ఇది రుమటాయిడ్‌కి వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ప్రమాదం. ఇంట్లో చదవడం రాని పెద్దవాళ్లుంటే ఆ రోజు మాత్రను పిల్లలే చేతికి ఇవ్వడం మంచిది. గర్భంతో ఉన్నవాళ్లు, బిడ్డ కోసం చూస్తున్నవాళ్లు ఇది వాడకూడదు. టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే లోపల దాగిన టీబీ మళ్లీ లేచే ప్రమాదం ఉంటుంది.

వాపు, పొద్దున పట్టేయడం ఆరు వారాలు దాటినా తగ్గకపోతే రుమటాలజిస్ట్‌ను కలవాలి. ఆర్‌ఏ ఫ్యాక్టర్ ఒక్కటే పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. యాంటీ సీసీపీ, ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ కూడా చూసి డాక్టర్ తేలుస్తారు. ఎండ తక్కువ తగిలేవాళ్లు విటమిన్ డి గురించి, స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లు డెక్సా స్కాన్ గురించి అడగాలి.

ఈసారి అమ్మీని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లినప్పుడు నొప్పి ఎంత తగ్గిందో చెప్పి ఊరుకోకండి. జబ్బు అదుపులో ఉందా, ఎముక ఎలా ఉంది అని కూడా అడగండి.