గిన్నె నిండా నీళ్లున్నా పిల్లి తాగట్లేదా? నఖ్రా అనుకుని వదిలేయకండి

పిల్లిని పెంచే ప్రతి ఇంట్లో ఉండే ముచ్చటే ఇది. పొద్దున గిన్నెలో పోసిన నీళ్లు సాయంత్రానికీ అట్లాగే ఉంటాయి. బిల్లీ మాత్రం బాత్‌రూంలో తడి నేల నాకుతుంది. వుజూ చేస్తుంటే నల్లా దగ్గరికొచ్చి కూర్చుంటుంది. దస్తర్‌ఖాన్ మీద మన గ్లాసులోనే మూతి పెడుతుంది. "దీనికి నఖ్రాలు ఎక్కువ" అని నవ్వుకుని మన పనుల్లో పడిపోతాం.

అయితే ఈ నఖ్రా ఒక్కోసారి ప్రాణం మీదకు తెస్తుంది, ముఖ్యంగా మగపిల్లికి. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్ అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు చాలామంది పిల్లుల్ని గడప దాటనివ్వకుండా, డ్రై ఫుడ్ మీదే పెంచుతున్నారు. అట్లాంటి ఇళ్లలో నీళ్ల సంగతి ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి.

దాహం తక్కువ, ఎందుకంటే..

మన ఇళ్లలోని పిల్లులు ఆఫ్రికా, పశ్చిమాసియా ఎడారి ప్రాంతాల అడవిపిల్లి సంతతి. ఆ అడవిపిల్లికి నీటిగుంటలు దొరకడం అరుదు. అది తినే ఎలుకలు, పిట్టల ఒంట్లో మూడింట రెండు వంతులకు పైగా నీరే ఉంటుంది. తిండితోనే నీటి అవసరం చాలావరకు తీరిపోయేది. అందుకే పిల్లి ఒంటికి దాహం ఆలస్యంగా తెలుస్తుంది. నీళ్లు తగ్గితే కిడ్నీలు మూత్రాన్ని బాగా చిక్కగా చేసి ఉన్న నీటిని పొదుపు చేస్తాయి.

వేటాడి తిన్నంతకాలం ఈ పద్ధతి బాగానే నడిచింది. మనం దాని ముందు పెట్టే డ్రై ఫుడ్‌లో నీరు 10 శాతం దాకానే ఉంటుంది. తిండి మారింది గానీ దాహం మారలేదు. మూత్రం ఎప్పుడూ చిక్కగా ఉంటే అందులో సన్నటి ఇసుకలాంటి స్ఫటికాలు, రాళ్లు ఏర్పడే అవకాశం పెరుగుతుంది.

రోజుకు ఎన్ని నీళ్లు కావాలి?

తిండిలో ఉండే నీటిని కూడా కలుపుకుని, కిలో బరువుకు రోజుకు సుమారు 50 మిల్లీలీటర్లు. అంటే 4 కిలోల పిల్లికి 200 మిల్లీలీటర్లు. రోజుకు 60 గ్రాముల డ్రై ఫుడ్ తింటే దాని ద్వారా అందేది 6 మిల్లీలీటర్లే. చెంచాడు నీళ్లన్నమాట. మిగతాదంతా గిన్నెలోంచి తాగాల్సిందే. అదే 85 గ్రాముల వెట్ ఫుడ్ పౌచ్‌లు 3 తింటే దాదాపు 200 మిల్లీలీటర్లు తిండితోనే వచ్చేస్తాయి.

మీ పిల్లి ఎంత తాగుతోందో తెలియాలంటే కొలిచి పోయండి, మర్నాడు మిగిలింది కొలవండి. లిట్టర్ ట్రేలో గడ్డలు కూడా లెక్కపెట్టండి. రోజుకు 2 నుంచి 4 తడి గడ్డలు కనిపిస్తే మామూలే. అంతకుముందు కంటే తగ్గినా, గడ్డలు మరీ చిన్నగా ఉన్నా జాగ్రత్త పడాలి.

నీళ్లు దాని దారిలో పెట్టండి

దాహం తెలియని జీవి నీళ్లు వెతుక్కుంటూ రాదు. అది తిరిగే దారిలో మనమే పెట్టాలి. ఈ మాట వినగానే చాలామందికి ఒక హదీసు గుర్తొస్తుంది. హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ చేసుకోవడానికి ఆయన కోడలు కబ్షా నీళ్లు తెచ్చిపెట్టారు. అంతలో ఒక పిల్లి తాగడానికి వచ్చింది. ఆయన దాన్ని తరమలేదు. అది తాగేదాకా పాత్రను దానివైపు వంచి పట్టుకున్నారు. కబ్షా వింతగా చూస్తుంటే, పిల్లి అపవిత్రమైనది కాదని, అది మీ చుట్టూ తిరుగుతూ ఉండే వాటిలోనిదని దైవప్రవక్త (స) చెప్పిన సంగతి ఆమెకు వివరించారు. ఈ హదీసు ముఅత్తా, అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. హనఫీ ఫిఖ్హ్‌లో మాత్రం వేరే నీళ్లు అందుబాటులో ఉంటే వుజూకు వాటినే వాడటం మేలంటారు.

చుట్టూ తిరిగేదానికి ఒక్క మూల గిన్నె చాలదు. డబుల్ బెడ్‌రూం ఫ్లాట్ అయినా మూడు చోట్ల పెట్టండి: అది పడుకునే చోట ఒకటి, హాల్లో గోడవారన ఒకటి, బాల్కనీ తలుపు దగ్గర నీడలో ఒకటి. తిండి గిన్నెకు దూరంగా ఉంచితే చాలా పిల్లులు ఎక్కువ తాగుతాయి. లిట్టర్ ట్రే పక్కన, చప్పుడు చేసే వాషింగ్ మెషీన్ పక్కన అసలు పెట్టొద్దు. నేల ఫినాయిల్‌తో తుడిచే అలవాటుంటే మానుకోవడమే మంచిది. దాని వాసన పిల్లికి పడదు, కాళ్లకు అంటింది నాకితే ప్రమాదం కూడా.

ఏ గిన్నె? ఏ నీళ్లు?

లోతు గిన్నెలో మూతి పెడితే మీసాలు అంచులకు తగులుతాయి. చాలా పిల్లులకు అది చిరాకు. వెడల్పాటి స్టీలు లేదా పింగాణీ గిన్నె తీసుకుని అంచుదాకా నింపండి. చప్పిడి ముక్కు పర్షియన్ పిల్లులకు పళ్లెంలాంటిదైతే ఇంకా సులువు. ప్లాస్టిక్ మీద గీతలు పడి వాసన పడుతుంది, అది వద్దు.

ఇక నీళ్లు. మన వైపు కృష్ణా నల్లా నీళ్లు, బోరు నీళ్లు, 20 లీటర్ల క్యాన్ నీళ్లు మూడూ వాడుకలో ఉన్నాయి. మూడింటినీ వేర్వేరు గిన్నెల్లో పక్కపక్కన పెట్టి రెండ్రోజులు గమనించండి. ఏది ఇష్టమో అదే చెబుతుంది. నల్లా నీళ్లలో క్లోరిన్ వాసన ఎక్కువగా ఉంటే కొన్ని గంటలు వెడల్పు పాత్రలో పోసి ఉంచి వాడండి. ఫజర్ తర్వాత ఒకసారి, మగ్రిబ్ తర్వాత ఒకసారి గిన్నె కడిగి నీళ్లు మార్చడం అలవాటు చేసుకుంటే మర్చిపోరు. పిల్లలకు ఈ పని అప్పగించొచ్చు. పారే నీళ్లంటే పడిచచ్చే పిల్లికి చిన్న కరెంటు ఫౌంటెన్ పనికొస్తుంది.

తిండిలోనే నీళ్లు

అన్నిటికంటే బాగా పనిచేసేది ఇదే. డ్రై ఫుడ్ కొంత తగ్గించి ఆ మేరకు వెట్ ఫుడ్ ఇవ్వండి. రోజూ మూడు పౌచ్‌ల ఖర్చు భరించలేకపోతే ఒక్కటైనా ఇచ్చి, అందులో రెండు మూడు చెంచాల గోరువెచ్చని నీళ్లు కలపండి. ఉప్పు, మసాలా ఏదీ లేకుండా ఉడికించిన చికెన్ నీళ్లు చల్లార్చి కొద్దిగా పోసినా ఇష్టంగా నాకుతుంది. మార్పు వారం పది రోజుల్లో మెల్లగా చేయండి. "ఆకలైతే అదే తింటుంది" అని పస్తు పెట్టొద్దు. పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయం దెబ్బతింటుంది.

ఉల్లిగడ్డ, వెల్లుల్లి పడిన సాలన్, యఖ్నీ, బిర్యానీ ముక్కలు పెట్టొద్దు. అవి ఉడికినా, పొడి చేసినా పిల్లి రక్తకణాలను పాడుచేస్తాయి. పాలు నీళ్లకు బదులు కావు. చాలా పెద్ద పిల్లులకు పాలు అరగక విరేచనాలవుతాయి, ఉన్న నీరు కూడా పోతుంది. దాహం వేస్తుందని ఉప్పు కలపడం, సిరంజితో బలవంతంగా నోట్లో పోయడం కూడా వద్దు. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

రమజాన్‌లో, ఊరెళ్లినప్పుడు

రోజా ఉన్నప్పుడు మధ్యాహ్నం వంటగది వైపు ఎవరూ వెళ్లరు. పిల్లి గిన్నె ఎండిపోయినా కనబడదు. సహరీ లేచినప్పుడే నీళ్లు మార్చి, అసర్‌కు మరోసారి చూడండి. పండక్కి ఊరెళ్తే రెండు గిన్నెలు నింపి తాళం వేసుకుపోవడం సరిపోదు. ఒకటి ఒలికిపోవచ్చు, ఒకదాంట్లో పురుగు పడొచ్చు. రోజుకోసారి వచ్చి చూసేవాళ్లకు తాళంచెవి ఇచ్చి వెళ్లండి.

పిల్లిని కట్టేసి, తిండి పెట్టక, తన తిండి తాను వెతుక్కోనివ్వక చంపిన స్త్రీకి శిక్ష పడిందన్న హదీసు బుఖారీ, ముస్లింలలో ఉంది. మూడో అంతస్తు ఫ్లాట్‌లో తలుపు వేసి పెంచే పిల్లికి కూడా బయట వెతుక్కునే దారి లేదు. ఆ తలుపు వేసింది మనమే కాబట్టి దాని నీళ్ల బాధ్యత కూడా మనదే.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

పిల్లి మాటిమాటికీ లిట్టర్ ట్రేలోకి వెళ్లి కూర్చుని ముక్కుతోందా? చుక్క మూత్రమే వస్తోందా, లేదా అసలు రావట్లేదా? అరుస్తోందా, కింది భాగం అదేపనిగా నాక్కుంటోందా, రక్తం కనబడిందా? చాలామంది దీన్ని మలబద్ధకం అనుకుని ఒక రోజు చూద్దాం అంటారు. ఆ ఒక్క రోజే కొంప ముంచుతుంది. మగపిల్లి మూత్రనాళం చాలా సన్నగా ఉంటుంది. అది మూసుకుపోతే ఒంట్లో పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. 24 నుంచి 48 గంటల్లోనే ప్రాణం పోయే ప్రమాదం ఉంది. అప్పుడు ఎక్కువ నీళ్లు తాగించడం మందు కాదు, డాక్టరు క్యాథెటర్ వేసి మూత్రం తీయాల్సిందే. నొప్పికని మన పారాసిటమాల్ అస్సలు వేయొద్దు, అది పిల్లికి విషం.

ఎప్పుడూ లేనిది పిల్లి ఉన్నట్టుండి విపరీతంగా నీళ్లు తాగినా సంతోషపడకండి. వయసు మళ్లిన పిల్లుల్లో అది కిడ్నీ జబ్బుకు, షుగర్‌కు గుర్తు కావచ్చు.

నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలోనూ ఆసుపత్రి ఉంది. ఎల్బీనగర్ నుంచి చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా అక్కడికి వెళ్లొచ్చు. అయితే పిల్లికి మూత్రం బంద్ అయ్యేది అర్ధరాత్రి కూడా కావచ్చు. మీ ఇంటికి దగ్గర్లో రాత్రి పూట పిల్లుల్ని చూసే డాక్టరు ఎవరున్నారో ఈరోజే కనుక్కుని ఆ నంబరు ఫోన్‌లో పెట్టుకోండి. ఆ తర్వాత లేచి గిన్నె ఎక్కడుందో చూడండి. లిట్టర్ ట్రే పక్కనే ఉంటే ముందు దాన్ని అక్కడినుంచి మార్చండి.