నాలుగు రోజుల వారం, అయిదు రోజుల జీతం

2019 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ జపాన్ శాఖ తన 2,300 మంది ఉద్యోగులకు ఆ నెలలో వచ్చిన శుక్రవారాలన్నీ సెలవిచ్చేసింది. జీతంలో పైసా కోయలేదు. నెల తిరిగేసరికి తలసరి అమ్మకాలు కిందటేడు ఆగస్టు కంటే 40 శాతం దాకా పెరిగాయి, 2016 ఆగస్టుతో పోలిస్తే కరెంటు వాడకం 23 శాతం తగ్గింది. అమ్మకాల పెరుగుదలంతా సెలవు చలవేనని నమ్మనక్కర్లేదు. ఒక్క నెల లెక్క అది. కానీ ఆ నెలలో మీటింగులను అరగంటకు కుదించారు. కిటుకు అక్కడుంది.

బ్రిటన్‌లో 2022లో 61 సంస్థలు, దాదాపు 2,900 మంది సిబ్బందితో ఆరు నెలలు ఇదే ప్రయోగం చేశాయి. పని గంటలు చెప్పుకోదగ్గంత తగ్గాలి, పనీ జీతమూ తగ్గకూడదు. ఉద్యోగం వదిలి వెళ్లేవారు అంతకుముందు ఏడాది అదే కాలంతో పోలిస్తే 57 శాతం తగ్గారు. గడువు ముగిశాక 56 సంస్థలు పాత పద్ధతికి వెళ్లలేదు. అన్నీ ఇష్టపడి చేరినవేనన్నది మరువరాదు.

మరి మీటింగులే లేని ఉద్యోగాల సంగతి?

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నగరం 2015లో స్వార్తెడాలెన్ అనే వృద్ధాశ్రమంలో నర్సులకు ఎనిమిది గంటల జీతమిస్తూ ఆరు గంటల డ్యూటీ పెట్టింది. సిక్ లీవులు తగ్గాయి, వృద్ధులపై శ్రద్ధ పెరిగింది. అయితే మంచం పట్టిన మనిషికి స్నానం చేయించడాన్ని అరగంట మీటింగులా కుదించలేరు కదా. ఖాళీ అయిన గంటల కోసం మరో 17 మందిని తీసుకోవాల్సి వచ్చింది. దాదాపు రెండేళ్ల తర్వాత, ఖర్చు భరించలేమంటూ నగరం దాన్ని కొనసాగించలేదు.

అమెరికాలో కెలాగ్స్ కంపెనీ ఆ భారాన్ని పంచింది. మహామాంద్యం మొదలైన కొత్తలో, 1930 డిసెంబరులో, బ్యాటిల్ క్రీక్ ఫ్యాక్టరీలో మూడు షిఫ్టులను నాలుగు చేసి, ఒక్కోటి ఆరు గంటలకు దించింది. గంట కూలి 12.5 శాతం పెంచింది. అంటే అదివరకు రోజుకు 100 వచ్చే చోట 84 వచ్చాయన్నమాట. కార్మికుడు కొంత వదులుకున్నాడు, యజమాని కొంత తన మీద వేసుకున్నాడు, ఊళ్లో పనిలేని వందలమందికి పని దొరికింది. కొన్ని విభాగాల్లో ఆ షిఫ్టు 1985 దాకా నడిచింది.

బెల్జియం 2022లో తెచ్చిన నాలుగు రోజుల వారం మాత్రం పేరుకే చిన్నది. 38 గంటలనే నాలుగు రోజుల్లో ఇరికిస్తారు, రోజుకు తొమ్మిదిన్నర చొప్పున.

తెలుగు రాష్ట్రాల్లో గాలి మరోవైపు వీస్తోంది. 2025లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ వ్యాపార సంస్థల్లో రోజువారీ పని పరిమితిని పది గంటలకు పెంచాయి. వారానికి 48 గంటల హద్దు అలాగే ఉంది. ఆ 48 గంటలూ చేయించే చోట రోజుకు పది గంటలు కూర్చున్నా నాలుగు రోజులకు నలభయ్యే అవుతాయి. మిగతా ఎనిమిదింటి కోసం అయిదో రోజు రావాల్సిందే.