కిటికీ అద్దంతో కణాల వేట

తెనాలిలోనో రేపల్లెలోనో ఇళ్ల కిటికీలకు బిగించే అద్దం లాంటిదే, కణాలను పసిగట్టే రెసిస్టివ్ ప్లేట్ ఛాంబర్‌కి ప్రాణం. దాన్ని వాడేవాళ్లు ఆర్‌పీసీ అంటారు. 1981లో రోమ్‌లో శాంతోనికో, కార్దరెల్లి అనే శాస్త్రవేత్తలు దీన్ని మొదట చేసింది బేకలైట్ పలకలతో. అద్దం తర్వాత వచ్చింది.

రెండు అద్దాలను 2 మిల్లీమీటర్ల ఎడంతో అమర్చి, అంచులను జిగురుతో మూసి, మధ్యలోకి వాయువు పంపుతారు. బయటి ముఖాలకు గ్రాఫైట్ పూత పూసి దాదాపు 10,000 వోల్టులు ఇస్తారు. మ్యూయాన్ అనే కణం దూసుకుపోతే వాయువులో ఎలక్ట్రాన్లు విడివడి, చిన్న మెరుపులా వెల్లువెత్తుతాయి. అద్దంలో విద్యుత్తు సులువుగా పారదు, అందుకే ఆ మెరుపు పుట్టినచోటే ఆరిపోతుంది. మిగతా పలకంతా తర్వాతి కణం కోసం సిద్ధంగా ఉంటుంది. పక్కనున్న రాగి పట్టీలు ఆ సంకేతాన్ని అందుకుంటాయి.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది పరీక్షల ఘట్టం. ఎడం చెదరకుండా అద్దాల మధ్య అతికించిన బొత్తాల్లో ఒక్కటి ఊడినా అక్కడ ఎడం మారి, విద్యుత్ క్షేత్రంలో తేడా వస్తుంది. అందుకే ముందు లోపల కాస్త ఒత్తిడి పెంచి, అది తగ్గుతుందేమోనని గంటల తరబడి కనిపెట్టుకుని ఉంటారు. ఆ తర్వాతి పరీక్షకు ఆకాశమే కణాలు పంపుతుంది. బాపట్లలో ఆరుబయట అరచెయ్యి చాపినా సెకనుకు ఒకటో రెండో మ్యూయాన్లు దాటిపోతాయి. ఛాంబర్‌కి పైనా కిందా, కణం తగిలితే వెలుగు చిమ్మే సింటిలేటర్లు పెట్టి, రెండూ ఒకేసారి పలికినప్పుడల్లా మధ్యలోది పలికిందా లేదా అని లెక్క రాస్తారు.

ఈ అద్దానికి తేమ శత్రువు. జపాన్‌లోని కేఈకే పరిశోధన సంస్థలో బెల్లె అనే కణ భౌతిక ప్రయోగానికి 1998లో ఈ ఛాంబర్లు అమర్చాక, వాటిలో వృథా విద్యుత్తు పెరుగుతూ పోయింది. వెతికితే, వాయువు తెచ్చే ప్లాస్టిక్ గొట్టాల గోడల్లోంచి గాలిలోని తేమ లోపలికి ఊరుతోందని తేలింది. వాయువులో కార్ల ఏసీల్లో వాడే ఆర్134ఏ ఉంది. దాని ఫ్లోరిన్, తేమ, మెరుపు కలిస్తే అద్దాన్ని తినేసే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. గొట్టాలను రాగివిగా మార్చాల్సి వచ్చింది. ఇంత పెద్ద యంత్రానికి అంత చిన్న సందులోంచి వ్యాధి రావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆ ప్రయోగానికి వారసురాలు బెల్లె-2. దాని పీపాలాంటి నడిమి భాగంలో వెలుపలి పొరల నిండా పాత అద్దపు ఛాంబర్లే ఉన్నాయి. ఈ ప్రయోగంలో ఐఐటీ హైదరాబాద్ భాగస్వామి. మధురైలో 85 టన్నుల ఇనుప పలకల మధ్య మరికొన్ని 2018 నుంచి మ్యూయాన్లను నమోదు చేస్తున్నాయి. తేని జిల్లాలో తలపెట్టిన న్యూట్రినో పరిశోధన కేంద్రానికి అలాంటివి 28,800 దాకా కావాలని అంచనా.