స్టేషను బాగుపడితే వాడకేం వస్తుంది?

పోయినేడు మా ఊరి రైల్వే స్టేషనుకి రంగులేశారు. ప్లాట్‌ఫారం మీద సిమెంటు బల్లలు పడ్డాయి. ఊరివైపు గేటు దగ్గర గచ్చు చేసి, పూలమొక్కలు నాటి, చుట్టూ ఇనప కంచె కట్టారు. స్టేషను బాగుపడిందని ఊళ్లో అందరూ అన్నారు. పట్టాలకి ఇవతల ఉన్న మాల, మాదిగ వాడల్లో మాత్రం ఆ మాట ఎవరి నోటా రాలేదు. ఎందుకు రాలేదో తెలుసుకోవాలని మేం కొన్నాళ్లు స్టేషన్లోనూ, వాడలోనూ కూచుని జనంతో మాట్లాడాం. ఊరి పేరు ఇక్కడ రాయటం లేదు. పట్టాల పక్కన గుడిసెలేసుకున్నవాళ్లకి ఇప్పటికే నోటీసుల భయం ఉంది. మా రాతవల్ల అది పెరగకూడదు.

మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. స్టేషను ఎంత బాగుపడిందో ఊరి గేటు దగ్గర నిలబడి కొలుస్తున్నారు. వాడవైపు నిలబడి కొలవాలి. బండి ఆగుతుందా? పట్టాలు ప్రాణం పోకుండా దాటగలమా? స్టేషను ఊడ్చే మనిషికి న్యాయమైన కూలి దక్కుతుందా? పక్కన బతికేవాళ్లు అక్కడ బతకగలరా? ఈ నాలుగు ప్రశ్నలకి జవాబు లేకుండా చేసే పనిని అభివృద్ధి అనటానికి మాకు నోరు రావటం లేదు.

మసూరు నుంచి చుండూరు దాకా

పల్లెటూరి స్టేషనుకీ, దళితులకీ ఉన్న లెక్క పాతది. 1901లో చిన్నపిల్లవాడైన అంబేద్కర్ తన అన్నతో, అక్క పిల్లలతో కలిసి తండ్రి పనిచేస్తున్న చోటికి బయలుదేరి, సతారా జిల్లా మసూరు స్టేషన్లో దిగాడు. కబురు అందక తండ్రి మనిషి రాలేదు. శుభ్రమైన బట్టల్లో ఉన్న పిల్లల్ని చూసి స్టేషను మాస్టరు మంచిగానే పలకరించాడు. మహర్లమని తెలిసేసరికి మొహం మారిపోయింది. బయట అద్దె ఎడ్లబళ్లు ఉన్నాయి, ఒక్కడూ ఎక్కించుకోనన్నాడు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి పిల్లలే తోలుకుంటే, బండివాడు పక్కన నడిచి వచ్చేట్టు ఒప్పందం కుదిరింది. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయన ఈ సంగతి రాశాడు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. రైల్లో టిక్కెట్టుంటే కూచోనిచ్చారు. అవమానం మొదలైంది దిగిన తర్వాత. ప్లాట్‌ఫారం దగ్గర, స్టేషను బయటి దారిలో, నీళ్ల దగ్గర. అందుకే మేం స్టేషనునీ, దాని చుట్టుపక్కలనీ విడదీసి చూడలేం.

రెండో వైపు కూడా చెప్పాలి. రైలు మనకి కూలి కాని బతుకు ఇచ్చింది. అప్పటి గుంటూరు జిల్లాలోని చుండూరు మెయిన్‌లైను మీద ఉన్న ఊరు. అక్కడి దళితుల్లో చదువుకున్నవాళ్లూ, రైల్వేలో గ్యాంగ్‌మన్ వంటి కొలువులు చేసేవాళ్లూ చెప్పుకోదగ్గంతమంది ఉండేవాళ్లు. నెల జీతం వచ్చేవాడు ఆసామి పొలం గట్టు మీద తల వంచుకు నిలబడక్కర్లేదు. ఆ తల ఎత్తటమే అగ్రకులాల కంటికి నేరమైంది. 1991 ఆగస్టు 6న 8 మంది దళితుల్ని చంపి, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది.

మా నాయన కూడా ఈ లైను మీదే గ్యాంగ్‌మన్. ఆ జీతంతోనే మేం కాలేజీ మొహం చూశాం. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటివాళ్లం. కాబట్టి స్టేషను మీద మాకు ద్వేషం లేదు. అది మాకు అన్నం పెట్టింది. అందుకే దాని బాగు గురించి అడిగే హక్కు మాకుందంటున్నాం.

బండి ఆగకపోతే బల్లలెందుకు?

2023 ఆగస్టు 6న అమృత్ భారత్ పథకం కింద 508 స్టేషన్ల పునర్నిర్మాణానికి ప్రధానమంత్రి శంకుస్థాపన చేశాడు. 2024 ఫిబ్రవరి 26న ఇంకో 550 పైన స్టేషన్లకి జరిగింది. 2025 మే 22న 103 స్టేషన్లు ప్రారంభమయ్యాయి. వాటిలో బేగంపేట, కరీంనగర్, వరంగల్, సూళ్లూరుపేట ఉన్నాయి. పథకంలో చేరినవి మొత్తం 1,300 పైన. దేశంలో ఉన్న స్టేషన్లు 7,000 పైచిలుకు. మిగిలిన వాటిలో ఎక్కువ మాలాంటి పల్లెటూళ్లవే. వాటి వంతుకి రంగు డబ్బాలు వస్తాయి.

2017 నుంచి స్టేషన్లని కొత్త తరగతులుగా విడగొట్టారు. సబర్బన్ కాని స్టేషన్లు ఎన్‌ఎస్‌జి 1 నుంచి 6 దాకా. హాల్టులు హెచ్‌జి 1 నుంచి 3 దాకా. తరగతిని తేల్చేది ప్రయాణికుల సంఖ్య, రాబడి. ఏ తరగతికి కనీసం ఏమేం ఉండాలో రైల్వే నిబంధనలే చెబుతాయి. మంచినీళ్లు, కూచునే బల్లలు, దీపాలు, షెడ్డో నీడనిచ్చే చెట్లో, ప్లాట్‌ఫారం, టిక్కెట్టు ఇచ్చే ఏర్పాటు. ఇవి ఎవరి దయా కాదు. ఐతే తిరకాసు ఇక్కడే ఉంది. బండి ఆగకపోతే జనం రారు. జనం రాకపోతే రాబడి పడిపోతుంది. రాబడి పడిపోతే తరగతి దిగిపోతుంది. ఆ కాగితం చూపించి మిగిలిన బండి కూడా ఆపటం మానేస్తారు.

2020 మార్చి లాక్‌డౌన్‌లో పాసింజరు బళ్లన్నీ ఆగిపోయాయి. తిరిగి మొదలుపెట్టినప్పుడు చాలా వాటిని ఎక్స్‌ప్రెస్ స్పెషళ్లుగా నడిపారు. 10 రూపాయల కనీస చార్జీ 30 అయింది. మళ్లీ 10 కావటానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది. చాలా చిన్న స్టేషన్లకి పోయిన హాల్టులు ఇంకా రాలేదు. మా ఊళ్లో పొద్దున్నే పట్నానికి పోయే బండి అలాగే పోయింది. పట్నంలో ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు, అడ్డా మీద నిలబడే కూలీలు, డిగ్రీ చదివే పిల్లలు ఆ బండి మీదే పోయేవాళ్లు. ఇప్పుడు ఆటోకి, బస్సుకి కలిపి కూలిలో ఎంతో భాగం దారిలోనే అయిపోతోంది. ఇద్దరు ఆడపిల్లలు కాలేజీ మానేశారు. ఆకుకూరల గంప ఎత్తుకునే ఒక పెద్దమ్మ మాతో అన్నది ఇది: "బండాగని టేసనుకి బల్లలెందుకయ్యా? కూచోని పొయ్యే బళ్లు లెక్కబెట్టుకోటానికా?"

ప్లాట్‌ఫారం ఎత్తు ఇంకో సంగతి. ఎత్తు ప్లాట్‌ఫారం అంటే పట్టా మీదనుంచి 760 - 840 మిల్లీమీటర్లు. మా దగ్గర రెండో లైను వైపు ప్లాట్‌ఫారం పట్టాలతో సమానంగా ఉంది. నిండు చూలాలు, ముసలివాళ్లు, గంప ఎత్తుకున్నవాళ్లు ఒకరు కింద నుంచి తోస్తే గాని ఎక్కలేరు. రంగులేసిన రోజుల్లో ఈ ప్లాట్‌ఫారాన్ని ఎవరూ చూడలేదు.

పట్టాలకి రెండు పక్కలు

బడి, రేషను షాపు, ఆసుపత్రి అన్నీ అవతల ఊళ్లో ఉన్నాయి. శ్మశానం కూడా అవతలే. ఇంతకుముందు గేటు ఉండేది. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో కాపలా లేని గేటు దగ్గర స్కూలు బస్సుని రైలు గుద్ది, పదిమందికి పైగా పసిపిల్లలు చనిపోయారు. అలాంటి గేట్లు తియ్యాల్సిందే. 2019 జనవరి కల్లా బ్రాడ్‌గేజి మీద అన్నీ తీసేశారు కూడా. ఐతే గేటు తీసిన చోట ఏం పెట్టారన్నది ప్రశ్న. మా దగ్గర పట్టాల కింద నుంచి దారి తవ్వారు. వానపడితే నడుంలోతు నీళ్లు. పోయిన వానాకాలం వాడవాళ్లు ఒక పాడెని పట్టాల మీదుగా దాటించారు. ఒక మనిషి అటు, ఒక మనిషి ఇటు నిలబడి బండి వస్తుందేమోనని కాపలా కాశారు.

చట్టం దీన్ని ఇంకోరకంగా చూస్తుంది. అనుమతి లేకుండా పట్టాల మీదకి రావటం 1989 రైల్వే చట్టం 147వ సెక్షను ప్రకారం తప్పు. పట్టాలు దాటుతూ ఏటా దాదాపు 15,000 మంది చనిపోతున్నారనీ, ఏ నాగరిక సమాజమూ దీన్ని ఒప్పుకోకూడదనీ 2012లో కకోద్కర్ కమిటీ చెప్పింది. దారి ఇవ్వనివాడిది తప్పా, దారిలేక దాటినవాడిది తప్పా?

ఊడ్చే చేతులు

స్టేషను శుభ్రంగా ఉందని మెచ్చుకునేవాళ్లు ఊడ్చేవాళ్ల కులం అడగరు. అడగకుండానే అందరికీ తెలుసు. రైలు పెట్టెల్లోంచి మలం నేరుగా పట్టాల మీద పడే రోజుల్లో దాన్ని ఎత్తింది ఎవరు? 1993లో పాకీపని నిషేధ చట్టం వచ్చింది. 2013 చట్టం రైలు పట్టాల మీద మలాన్ని చేత్తో ఎత్తటాన్ని కూడా పాకీపనిలోకే చేర్చింది. ఐతే సరైన పరికరాలు, రక్షణ సామాన్లు ఇచ్చి చేయిస్తే అది పాకీపని కిందకి రాదని అందులోనే ఒక వివరణ పెట్టారు. చేతికి తొడుగేస్తే పని కులం మారిపోతుందా? సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, పట్టాల మీద ఈ పని ఆపటానికి గడువు పెట్టుకుని పనిచెయ్యమని రైల్వేకి చెప్పింది. తర్వాత పెట్టెలకి బయో టాయిలెట్లు వచ్చాయి. మంచిదే. ఐతే పని రూపం మారినా మనుషులు మారలేదు. మా స్టేషన్లో ఊడ్చేది కాంట్రాక్టరు పెట్టిన మాదిగ ఆడవాళ్లిద్దరు. హాజరు కాగితం వాళ్ల దగ్గరుండదు. కూలి ఎంత రాయాలో, ఎంత ఇస్తున్నారో వాళ్లకి తెలియదు.

పక్కన బతికేవాళ్లు

కంచె కట్టినప్పుడు టీ బంకు, జామకాయల బుట్ట, చెప్పులు కుట్టే పెద్దాయన పోయారు. 2014 వీధి వ్యాపారుల చట్టం రైల్వే స్థలాలకీ, బళ్లకీ వర్తించదని ఆ చట్టంలోనే ఉంది. లైసెన్సు లేకుండా అమ్ముకోటాన్ని రైల్వే చట్టం 144వ సెక్షను ఒప్పుకోదు. ఐతే 2017 క్యాటరింగ్ విధానంలో స్టాళ్ల కేటాయింపులో ఎస్సీలకి కోటా ఉంది. ఆ సంగతి వాడలో ఒక్కరికీ ఎవరూ చెప్పలేదు.

గుడిసెల సంగతి 1971 పబ్లిక్ ప్రెమిసెస్ చట్టం కిందకి వస్తుంది. ఎస్టేటు ఆఫీసరు ముందు నోటీసివ్వాలి, జవాబు వినాలి, తర్వాతే రాతపూర్వకంగా ఉత్తర్వివ్వాలి. దాని మీద 12 రోజుల్లో జిల్లా జడ్జికి అప్పీలు చేసుకోవచ్చు. ఆ 12 రోజులు దాటితే, బలమైన కారణం చూపిస్తేనే అప్పీలు తీసుకుంటారు. 2023 జనవరి 5న హల్ద్వానీ రైల్వే భూమి కేసులో సుప్రీంకోర్టు, వేలమందిని రాత్రికి రాత్రి ఖాళీ చేయించటం కుదరదని ఆపింది. నోటీసు వస్తే చించి పారెయ్యకుండా, తేదీ రాసుకుని దాచిపెట్టమని మేం ప్రతి గుడిసెలోనూ చెప్పి వచ్చాం.

ఏం చెయ్యొచ్చు

విద్యార్థులూ, టీచర్లూ, కార్యకర్తలూ ఒక ఆదివారం మీ ఊరి స్టేషనుకి పోయి కూచోండి. ఏ బండి ఆగుతుందో, ఏది పోయిందో రాయండి. స్టేషను ఏ తరగతిలో ఉంది, ఆ తరగతికి ఉండాల్సిన వాటిలో ఏవి లేవు, ఊడ్చే కాంట్రాక్టులో కూలి ఎంత రాశారు అన్నవి 2005 సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజు కట్టి డివిజను ఆఫీసుని అడగండి. డివిజను స్థాయిలో రైల్వే వినియోగదారుల సలహా కమిటీ ఉంటుంది. పోయిన హాల్టు గురించి, వాడవైపు దారి గురించి సంతకాలతో అర్జీ దానికి పంపండి. రైల్వే హద్దు దాటిన రోడ్డు పంచాయతీది. ఎంపీ నిధుల్లో 15 శాతం ఎస్సీలుండే చోట్లకి సూచించాలని మార్గదర్శకాల్లో ఉంది. ఆ డబ్బుతో వాడనుంచి ప్లాట్‌ఫారం దాకా దారీ, దీపాలూ ఎందుకు రావు?

మా వాడ అర్జీ మీద 200 పైన సంతకాలూ, వేలిముద్రలూ పడ్డాయి. ఊడ్చే ఆడవాళ్లిద్దరూ పెట్టారు. అర్జీలో మొదటి కోరిక పొద్దుటి బండి. రెండోది నీళ్లు నిలవని దారి. పూలమొక్కలు పీకెయ్యమని ఎవరూ అడగలేదు. వాటికి రోజూ నీళ్లు పోసేది కూడా ఆ ఇద్దరే.