ఊపిరికీ రాగానికీ నడుమ ఒక తీగ

కార్తిక శుద్ధ ఏకాదశి దాటినదంటే ఢిల్లీ నగరంలో బ్యాండు మేళాల వారికి ఊపిరి సలపదు. గుర్రంపై వరుడు, అటూ ఇటూ దీపాలు మోసేవారు, ముందు వరుసలో జిలుగు టంగీలు ధరించిన వాద్యకారులు. రాత్రి పొద్దుపోయేవరకు ట్రంపెట్లు, క్లారినెట్లు, యుఫోనియంలు మ్రోగుతూనే ఉంటాయి. జనవరి 29వ తేదీ సాయంత్రం విజయ్ చౌక్‌లో జరిగే బీటింగ్ రిట్రీట్ ఉత్సవంలో సైనిక బృందాల వాద్యాలు మరొక తీరున వినిపిస్తాయి. ఈ వాద్యాలను తయారుచేసే పేరుపొందిన కేంద్రం సైతం రాజధాని ప్రాంతంలోనిదే. మీరట్ నగరంలోని జాలీ కోఠీలో నాదిర్ అలీ సంస్థ 1885లో వెలసినది. అక్కడి కార్ఖానాలలో నేటికీ ఇత్తడి రేకులు వంగి వాద్యాలుగా రూపు దాలుస్తున్నాయి.

అటువంటి వాద్యం ఊదుతూ జీవించే ఒక మనిషి ముప్పయ్యో నలభయ్యో ఏట పళ్ళకు క్లిప్పులు వేయించుకోవలసి వచ్చినదనుకుందాం. విన్నవారు నవ్వి ఊరుకోవచ్చు. కాని ఆ మనిషికి అది అందానికి సంబంధించిన విషయం కాదు, వృత్తికి సంబంధించినది. చికిత్స నడిచే ఏడాదిన్నర, రెండేళ్ళ కాలం వాద్యం పలుకుతుందా? పలికినా మునుపటివలె పలుకుతుందా?

పెదవి వెనుక గోడ

ఊదే వాద్యంలో నాదం పుట్టే చోటు పెదవుల వద్ద ఉన్నది. ట్రంపెట్‌లో పెదవులే కంపిస్తాయి. ఇత్తడి గొట్టం ఆ కంపనానికి స్థాయిని, నిండుదనాన్ని ఇస్తుంది. ఆ పెదవులకు ఆనుగా, వెనుక గోడవలె నిలిచేవి ముందు పళ్ళు. గోడ కదిలితే పెదవి పట్టు మారుతుంది, పట్టు మారితే స్వరం జారుతుంది.

ఈ గోడ కూలినప్పుడు ఏమవుతుందో జాజ్ సంగీత చరిత్ర చెబుతుంది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు గురుతుల్యుడైన కింగ్ ఆలివర్ చిగుళ్ళ వ్యాధితో పళ్ళు పోగొట్టుకొని, వాద్యానికి దూరమై, 1938లో పేదరికంలో కన్నుమూశాడు. 1966లో కాలిఫోర్నియాలో దుండగుల దెబ్బలకు చెట్ బేకర్ పళ్ళు దెబ్బతిన్నాయి. కట్టుడు పళ్ళతో ట్రంపెట్‌ను మళ్ళీ మొదటినుంచి అభ్యసించి, 1970వ దశకంలో అతడు తిరిగి వేదిక ఎక్కగలిగాడు. పళ్ళ అమరిక మారినా పెదవి కొత్త పాఠం నేర్చుకోగలదనడానికి బేకర్ జీవితమే దృష్టాంతం.

పన్ను ఎట్లా కదులుతుంది?

పన్ను ఎముకలో మేకువలె దిగగొట్టి ఉండదు. దాని వేరుకూ ఎముకకూ నడుమ సన్నని నారపొర ఉంటుంది. క్లిప్పుల తీగ కొన్ని పదుల గ్రాముల బరువంత ఒత్తిడిని విడవకుండా కలిగిస్తుంది. ఒత్తిడి పడిన వైపు ఎముకను కరిగించే కణాలు పనిచేస్తాయి. ఖాళీ అయిన వైపు ఎముకను పేర్చే కణాలు పూనుకుంటాయి. ఈ విధంగా పన్ను నెలకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు దూరం ప్రయాణం చేస్తుంది. ఈ ధర్మం పెద్దవారిలోనూ నశించదు. దవడల ఎదుగుదల మాత్రం వారిలో ముగిసి ఉంటుంది కనుక, దవడల పొందికలోనే లోపమున్నప్పుడు కొందరికి శస్త్రచికిత్స అవసరమవుతుంది. పెద్దల విషయంలో వైద్యులు ముందుగా చూసేది చిగుళ్ళను. చిగుళ్ళ వ్యాధి అదుపులో లేకుండా పళ్ళను కదల్చబూనడం పునాది చూడకుండా మేడ కట్టడం వంటిది.

రోజూ ఊదడం వలన చికిత్స వెనుకకు పోతుందేమోనని కొందరు భయపడతారు. పన్ను కదలడానికి ఒత్తిడి ఎంత బలమైనది అనే దానికంటె ఎంతసేపు నిలిచినది అన్నదే ముఖ్యం. రోజుకు కొన్ని గంటలపాటు ఎడతెగకుండా నిలిస్తేనే ఎముక స్పందిస్తుంది. గంటో రెండు గంటలో, అదీ విరామాలతో సాగే సాధన, రేయింబవళ్ళు పనిచేసే తీగను సాధారణంగా జయించలేదు.

వాద్యాన్ని బట్టి బాధ

1939లో ఎడ్వర్డ్ స్ట్రేయర్ అనే అమెరికన్ దంతవైద్యుడు ఊదే వాద్యాలను, పెదవులు వాటిని పట్టే తీరును బట్టి నాలుగు తరగతులుగా విభజించాడు. క్లిప్పులు వేసుకున్నవారికి ఈ విభజన నేటికీ పనికివస్తుంది.

అందరికంటె ఎక్కువ కష్టం ఇత్తడి వాద్యకారులది. ట్రంపెట్ ఊదుగిన్నె అంచు పెదవులను ముందునుంచి నొక్కుతుంది. లోహపు బ్రాకెట్లు వెనుకనుంచి గుచ్చుతాయి. రోటికీ రోకలికీ నడుమ గింజవలె పెదవి నలుగుతుంది. పై స్థాయి స్వరాలకు పోయినకొద్దీ చాలామంది గిన్నెను మరింత గట్టిగా అదుముతారు కనుక, బాధ కూడా అక్కడే హెచ్చు. గిన్నె వెడల్పుగా ఉండే ట్యూబా వంటి వాద్యాలలో ఒత్తిడి ఎక్కువ మేరకు పరచుకుంటుంది.

క్లారినెట్, శాక్సోఫోన్‌లలో పై పళ్ళు ఊదుకొనపై ఆనుతాయి, క్రింది పెదవి క్రింది పళ్ళమీదికి మడత పడుతుంది. కావున నొప్పి ముఖ్యంగా క్రింది పెదవి లోపలి భాగానిది. ఓబోలో రెండు పెదవులూ మడవవలసి వస్తుంది. మన షెహనాయి, సన్నాయిలలో రీడును పెదవుల నడుమ పట్టి, ఆ పట్టును బిగిస్తూ సడలిస్తూ గమకాలు పలికిస్తారు. 1947లో ఎర్రకోటలో షెహనాయి వినిపించిన బిస్మిల్లా ఖాన్ గాని, 1977లో పద్మశ్రీ అందుకొన్న కరవది సన్నాయి విద్వాంసుడు షేక్ చినమౌలానా గాని సాధించిన సూక్ష్మత అంతా ఆ సడలింపులోనే ఇమిడి ఉన్నది. పెదవి వెనుక వెంట్రుకవాసి ఎత్తు మారినా ఆ లెక్క తిరిగి వేసుకోవలసిందే.

వేణువు కొంత నయం. 1956లో ఢిల్లీ ఆకాశవాణిలో చేరిన పన్నాలాల్ ఘోష్ వంటివారు ప్రచారంలోకి తెచ్చిన పెద్ద బాఁసురీ కూడా పెదవికి ఆనుతుందే గాని అదమదు. అయితే బ్రాకెట్ల వలన పెదవి కొంచెం ముందుకు వస్తుంది. గాలి పాయ రంధ్రాన్ని తాకే కోణం మారుతుంది. మొదటి రోజులలో నాదం కన్న గాలి చప్పుడే ఎక్కువగా వినిపించడానికి కారణం ఇదే.

ఎంచుకొనదగిన మార్గాలు

ఒకప్పుడు ప్రతి పంటికీ లోహపు పట్టీ తొడిగేవారు. పంటి పింగాణిని ఆమ్లంతో కొద్దిగా గరుకుచేస్తే జిగురు గట్టిగా అంటుకుంటుందని 1955లో మైకేల్ బ్యూనోకోర్ కనుగొన్న తరువాత, చిన్న బ్రాకెట్లను నేరుగా అతికించడం సాధ్యమైనది. 1970వ దశకంలో జపాన్‌లో కిన్యా ఫుజితా, అమెరికాలో క్రేవెన్ కుర్జ్ పళ్ళ లోపలి వైపున అమర్చే పద్ధతిని రూపొందించారు. పెదవికి అది మేలు. కాని స్వరాలను విడదీసి పలికించే నాలుకకు అడ్డు తగులుతుంది. 1990వ దశకం చివర వచ్చిన పారదర్శకపు తొడుగులను ఊదే వేళ తీసివేయవచ్చు. అయితే వాటిని రోజుకు 20 నుంచి 22 గంటలు ధరించాలి. భోజనాలకు పోను మిగిలే సమయం నాలుగు గంటల బారాత్‌కు చాలదు. అందుచేత కొందరు తొడుగులతోనే ఊదడం అలవాటు చేసుకుంటారు.

ఖర్చు భరించలేనివారికి నగరంలో ప్రభుత్వ సంస్థలున్నాయి. అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలోని దంతవైద్య కేంద్రం, మౌలానా ఆజాద్ దంతవైద్య సంస్థ వాటిలో ముఖ్యమైనవి. ఎక్కడికి వెళ్ళినా వాద్యకారుడు మొదట చెప్పవలసిన మాట తాను ఏ వాద్యం, రోజుకు ఎంతసేపు వాయిస్తాడన్నది. వీలైతే వాద్యాన్ని వెంట తీసుకుపోయి చూపడం మంచిది.

అదును ఎరిగి ఆరంభం

రైతుకు అదును ఎట్లాగో, ఈ చికిత్సకు కాలం అట్లాగే. మనవైపు శ్రావణంలో పెళ్ళిళ్ళు జరుగుతాయి గాని, ఉత్తరాదిన తొలి ఏకాదశి మొదలు ఉత్థాన ఏకాదశి వరకు, చాతుర్మాస్యం పేరిట, సాధారణంగా ముహూర్తాలు ఉండవు. ఢిల్లీ బ్యాండు వాద్యకారునికి ఆ నాలుగు నెలలే వరం. ఆషాఢంలో క్లిప్పులు వేయించుకుంటే, పెదవి లోపలి చర్మం గట్టిపడి పట్టు కుదిరేనాటికి కార్తికం వస్తుంది.

మొదటి వారాలలో పదిహేను నిమిషాల సాధన, అంతే విరామం. మంద్ర, మధ్య స్థాయిలలో దీర్ఘ స్వరాలు. గుచ్చుకొనే చోట వైద్యుడిచ్చిన మైనం ముద్ద. తీగ బిగించిన తరువాత రెండు మూడు రోజులు నొప్పి ఉంటుంది కనుక, ముఖ్యమైన కచేరీకి ముందు బిగింపు పెట్టుకోరాదు. పుండ్లు మానకుంటే ఓర్చుకొని ఊదడం కంటె వైద్యునికి చూపడం విజ్ఞత. పెదవిని బలవంతపెడితే కండరమే చిరిగే ప్రమాదమున్నది. ట్రంపెట్ వాద్యకారులలో కనిపించే ఆ గాయానికి 1982లో ఆర్మ్‌స్ట్రాంగ్ ముద్దుపేరు మీదుగా ‘శాచ్మో సిండ్రోమ్’ అని పేరు పెట్టారు.

చాలామంది ఊహించని విషయం మరొకటి ఉన్నది. క్లిప్పులు తీసివేసిన నాడు కూడా స్వరం తప్పుతుంది. పళ్ళు నున్నగా, కొత్త చోట ఉంటాయి, పెదవి జారుతుంది. పెదవి మరల ఒకమారు నేర్చుకోవాలి. పళ్ళు పాత చోటికి మరలకుండా వైద్యుడిచ్చే నిలుపుడు పట్టీని చెప్పినంతకాలం ధరించాలి.

ఈ శ్రమకు ప్రతిఫలం ఉన్నది. వంకర పంటి మొన సంవత్సరాల తరబడి పెదవిని కోస్తూ వచ్చినవారికి ఆ కోత తప్పుతుంది. అంతకు మించిన లాభం మరొకటి. అదిమి ఊదేవానికి క్లిప్పులు ప్రతి స్వరంలోనూ నొప్పితో బుద్ధి చెబుతాయి. గిన్నెను పెదవికి ఒత్తడం మాని, పొట్టనుంచి గాలిని నడిపించడం అతడు నేర్వక తప్పదు. మంచి గురువులు మొదటినాడే చెప్పే పాఠం అది. పెడచెవిని పెట్టినవారికి తీగ దానిని మళ్ళీ చెబుతుంది. తీగ తీసివేసిన తరువాత కూడా ఆ పాఠం నిలిచి ఉంటే, అర్ధరాత్రి దాటినా బారాత్ చివరి పాట అలసట లేకుండా పలుకుతుంది.