వరుస కుదరని గవ్వలు

పాలకాయతిప్ప ఒడ్డున, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో, పన్నెండు గవ్వలు ఏరావనుకో. తడి ఇసుక మీద నాలుగేసి చొప్పున పేర్చు. మూడు వరుసలు చక్కగా కుదిరాయి కదూ! ఇంకొక్క గవ్వ కలుపు. ఇప్పుడు రెండేసి, మూడేసి, నాలుగేసి, ఎలా పెట్టినా ఒకటి మిగిలిపోతుంది. ఐదేసి పెడితే మూడు మిగులుతాయి. పదమూడూ ఒకే పొడవాటి వరుసలో ఉండాల్సిందే. ఇలాంటివే ప్రధాన సంఖ్యలు.

మరి చాలా పెద్దవాటిని ఎలా పట్టుకుంటారు? ఓ కిటుకుంది. రెళ్లను గుణిస్తూ పో, చివర ఒకటి తీసెయ్. మూడు రెళ్లను గుణిస్తే 8, ఒకటి తీస్తే 7. ప్రధానమే! ఐదు రెళ్లతో ఇలాగే చేస్తే 31, అదీ అంతే. నాలుగు రెళ్లతో మాత్రం 15 వస్తుంది, అంటే ఐదేసి గవ్వల మూడు వరుసలు. నాలుగు ప్రధానం కాదుగా! రెళ్లెన్నో చెప్పే సంఖ్య కూడా ప్రధానమే కావాలి. అయినా పూర్తిగా నమ్మలేం. పదకొండు రెళ్లతో వచ్చే 2047 చూడు, 23ని 89తో గుణిస్తే అదే వచ్చేస్తుంది! అందుకే కంప్యూటర్లతో ఒక్కోదాన్నీ పరీక్షిస్తారు.

2024 అక్టోబరులో అమెరికాకు చెందిన లూక్ డ్యురాంట్‌కు 13,62,79,841 రెళ్లతో ఒకటి దొరికింది. అప్పటికి తెలిసినవాటిలో అదే అతి పెద్దది. అందులో 4,10,24,320 అంకెలున్నాయి. సెకనుకో అంకె చొప్పున, తిండీ నిద్రా మానేసి రాసినా 474 రోజులు దాటిపోతాయి.